మొహమాటం మీద వడ్డీ

వీధి గది, కిటికీ పక్క బల్ల నుంచి

మరదలు పిల్లకి,

నువ్వు పంపిన గోడ గడియారం పగలకుండా చేరింది. దీంతో మనింట్లో గడియారాలు మూడయ్యాయి. మూడూ మూడు టైములు చూపిస్తున్నాయి. మీ అన్నయ్య వాటిలో తనకి అనుకూలమైనది చూసుకుని బస్సు డిపోకి బయల్దేరుతున్నారు. కొన్నాళ్ళకోసారి ఏదో ఒకటి కొని పంపకపోతే నీకు తోచదు కాబోలు. వద్దంటే వినవు. ఇక్కడ అందరం క్షేమంగానే ఉన్నాం, మీ అన్నయ్య జుట్టు తప్ప. ఆ సంగతి తీరిగ్గా రాస్తాను.

ముందు ఆఫీసు మాట. మన శాఖలో ఈ వారం కూడా వాయిదాలన్నీ వసూలయ్యాయి. అప్పు తీసుకున్న ఆడవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు బాకీ లేరు. ఇంటింటికీ తిరిగి తెచ్చి, బ్యాంకులో వేసి, ఇంటికొచ్చి కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాను. ఈ మాట మీ హెడ్డాఫీసులో అందరూ వినేలా చెప్పు.

ఎందుకంటే ఇక్కడ ఒక పుకారు తిరుగుతోంది. నూటికి నెలకి ఒకటి ఉన్న వడ్డీని రెండు చేస్తారనీ, అప్పటికీ ఖర్చులు రాకపోతే మాలాంటి చిన్న శాఖల్ని మూసేస్తారనీ. నిజమేనా? మనం రాకముందు ఈ వీధుల్లో అప్పిచ్చేవాడు సైకిలు షావుకారు ఒక్కడే. నూటికి పది. సాయంత్రం సైకిలు బెల్లు వినిపిస్తే దిండ్లు కుట్టే ఆవిడ లైటార్పేసి, పిల్లల నోళ్ళు మూసి చీకట్లో కూర్చునేది. ఇప్పుడు ఆయన ఈ వీధిలోకి సైకిలు తిప్పడమే మానేశాడు. మన శాఖ మూతపడిందంటే మర్నాడే బెల్లు మోగుతుంది.

వానలు దగ్గర పడ్డాయి. వంటింటి పైకప్పు రేకులు మార్చాలి. దానికోసం మీ అన్నయ్య దాచిన డబ్బు ఉంది కాబట్టి ఆ బెంగ లేదు. నీకు దిండ్లేమైనా కావాలా? మంచివి, మెత్తనివి ఉన్నాయి. మొహమాటపడకుండా చెప్పు.

నీ వదిన

&nbsp;

హెడ్డాఫీసు, మూడో అంతస్తు, ఫ్యాను గాలి రాని వైపు

వదినా,

ఫోన్ చెయ్యక ఉత్తరాలేమిటని అన్నయ్య విసుక్కుంటున్నాడని తెలుసు. మా ఆఫీసు ఫోను చైర్మన్ గారి బల్ల మీద ఉంటుంది. అందులో మాట్లాడితే ఆయనతో మాట్లాడినట్టే.

పుకారు నిజమే. మొన్న మీటింగులో చైర్మన్ గారు బోర్డు మీద లెక్క వేసి చూపించారు. పెద్ద అప్పు వసూలు చెయ్యడానికైనా చిన్న అప్పు వసూలు చెయ్యడానికైనా మన మనిషి నడిచే దూరం ఒకటే, అరిగే చెప్పులు ఒకటే. మనవన్నీ చిన్న అప్పులే. అందుకని వచ్చే వడ్డీ తిరిగే ఖర్చుకే చాలడం లేదట. "దానధర్మాలు చేసి సంస్థ మూసుకోవడమా, నాలుగు కాలాలు నిలబడి అప్పులివ్వడమా?" అని అడిగారు. అందరూ బల్ల వైపు చూశారు.

నేను ఊరుకోలేకపోయాను. లేచి, మా వదిన శాఖ చూడండి, నూటికి ఒకటే వడ్డీ, ఒక్క వాయిదా తప్పలేదు, కట్టగలిగే వడ్డీ అయితే పేదవాళ్ళు ఎగ్గొట్టరు అనడానికి అదే సాక్ష్యం అన్నాను.  ఆయన సరే, ఏడాది చివరిదాకా గడువు ఇస్తున్నా అన్నారు. నీ శాఖ నిజంగా తన కాళ్ళ మీద తాను నిలబడిందని తేలితే అన్ని శాఖల్లోనూ నూటికి ఒకటే ఉంచుతారు. లేదంటే రెండు. చిన్న శాఖలకి తాళం.

కాబట్టి వదినా, మొత్తం నీ భుజాల మీదే ఉంది. నువ్వు వసూలు చేసే పద్ధతి ఏమిటో వివరంగా రాసి పంపు. కాపీలు తీసి అన్ని శాఖలకీ పంపిస్తాను. పట్నంలో నేనుండే గదికి అడ్వాన్సు అన్నయ్య కట్టబట్టే కదా నేనీ ఉద్యోగంలో చేరగలిగాను. అది నేను మరిచిపోలేదు. ఏదో ఒక రోజు... సరే, అదలా ఉంచు. పార్సిల్లో టేబుల్ గడియారం పంపుతున్నాను. రాత్రిపూట ముళ్ళు మెరుస్తాయి.

మరదలు

తా.క. నాకు దిండ్లు అక్కర్లేదు. అన్నయ్య జుట్టుకేమైంది?

&nbsp;

వంటిల్లు, బకెట్ల మధ్య నుంచి

మరదలా,

వాన మొదలైంది. రాత్రి నీ గడియారం ముళ్ళు చక్కగా మెరిశాయి. ఆ వెలుతురులోనే ఏ బకెట్టు నిండిందో చూసుకున్నాం.

పద్ధతి అడిగావు. పద్ధతంటూ ఏముంది, మనుషులతో మనిషిలా ఉండటమే. రాస్తున్నాను, కాపీ తీసుకో. నవ్వుతూ వెళ్ళాలి. వెళ్ళగానే డబ్బు మాట ఎత్తకూడదు. కూర్చోవాలి. టీ ఇస్తే తాగాలి. పిల్లల చదువు, అత్తగారి మోకాళ్ళు, అన్నీ అడగాలి. తర్వాత ఆవిడ చేసే పని చూడాలి. చీపుళ్ళు కడితే చీపురు చేతిలోకి తీసుకుని చూడాలి, దిండు కుడితే నొక్కి చూడాలి. మెచ్చుకోవాలి. ఆ తర్వాత డబ్బు దానంతటదే వస్తుంది. ఇంతకంటే నాకేం తెలియదు.

నువ్వు మీటింగులో నా గురించి అంత చెప్పావని చదివి గుండెల్లో రాయి పడింది. సంతోషం కొద్దీ అలా రాశాను, తప్పుగా అనుకోకు. అయినా అంత ఖచ్చితంగా చెప్పకుండా ఉండాల్సింది.

మీ అన్నయ్య జుట్టుకి ఏమీ కాలేదు. వారానికోసారి కత్తిరించుకుంటున్నారు, అంతే. శుభ్రంగా ఉండటం మంచిదే కదా. మీ పట్నంలో చీపుళ్ళకి గిరాకీ ఎలా ఉంటుంది? ఊరికే అడిగాను.

నీ వదిన

&nbsp;

హెడ్డాఫీసు, అదే మూల

వదినా,

నీ పద్ధతి అన్ని శాఖలకీ పంపాను. జవాబులు వచ్చాయి. అందరూ నవ్వుతూ వెళ్ళారట, కూర్చున్నారట, టీ తాగారట, మోకాళ్ళ గురించి అడిగారట. డబ్బు మాత్రం దానంతటది రాలేదట. ఒక శాఖావిడ ఇంటింటా టీ తాగి తాగి రాత్రంతా కళ్ళు మూయలేదు. ఇంకొకావిడ దిండు నొక్కి మెచ్చుకుంటే, "అంత నచ్చితే తీసుకోండి, వాయిదాలో తగ్గించుకోండి" అన్నారట. ఆ దిండు ఆవిడ మాకు రిజిస్టరు పోస్టులో పంపింది. దాన్ని ఏ పద్దులో రాయాలో తెలియక మా గుమాస్తా దాని మీద తలపెట్టుకుని ఆలోచిస్తున్నాడు.

పద్ధతిలో నువ్వు ఏదో వదిలేశావు. ఉప్పు వెయ్యడం మరిచిపోయిన కూరలా ఉంది.

పైగా నీ కిందటి ఉత్తరం కవరు వెనక పెన్సిలుతో అన్నయ్య చేతిరాత ఉంది. "ఇంట్లో నడవడానికి దారి లేదు. నా తల మీద జుట్టు మొలిచేలోపే మళ్ళీ సెలూనుకి పంపిస్తోంది. కాస్త అడుగు." ఇదేమిటి వదినా? దిండ్లు కావాలా అంటావు, చీపుళ్ళు కావాలా అంటావు. రేకులకి డబ్బుందంటావు, వంటింట్లో బకెట్ల మధ్య కూర్చుని రాస్తావు.

నేనడిగేది వదినని, శాఖ బాధ్యురాలిని కాదు. అసలు సంగతి రాయి. త్వరగా రాయి, ఎందుకంటే వచ్చే నెల మీ శాఖ లెక్కలు చూడ్డానికి ఆడిటరు గారిని పంపుతున్నారు. మేం ఆయన్ని చాటుగా కత్తెర గారంటాం. ఏ ఖర్చు కనబడినా కత్తిరిస్తారు. పోయినసారి మా టీలో పంచదార కత్తిరించారు.

మరదలు

&nbsp;

పడకగది, చీపుళ్ళ కట్ట మీద కూర్చుని

మరదలా,

నిజం రాస్తున్నాను. చదివాక చించెయ్యి.

నాకు అడగడం రాదు. అప్పివ్వడం వచ్చు, రసీదు రాయడం వచ్చు, ఎండలో వీధులన్నీ తిరగడం వచ్చు. ఒకరి గుమ్మంలో నిలబడి "వాయిదా డబ్బు ఇవ్వండి" అనడం మాత్రం రాదు. మాట నాలుక చివరిదాకా వస్తుంది, అక్కడ చతికిలబడుతుంది. వాళ్ళు స్టూలు తుడిచి వేస్తారు. టీ కోసం పక్కింట్లో చక్కెర అప్పు తెస్తారు. అది కళ్ళారా చూసి, ఆ టీ తాగి, కప్పు కింద పెట్టి డబ్బడగడానికి నాకు మొహం చెల్లలేదు.

మొదటిసారి చీపుళ్ళక్క ఇంట్లో జరిగింది. కట్టిన చీపుళ్ళు అమ్ముడుపోలేదని తల పట్టుకుని కూర్చుంది. అయ్యో, నాకు చీపురు కావాలనే వచ్చాను అన్నాను. నాలుగు కొన్నాను. ఆ డబ్బు ఆవిడ చేతిలో పెట్టాను, ఆవిడ అదే డబ్బు వాయిదా అని నా చేతిలో పెట్టింది. రసీదు రాశాను. ఇద్దరం నవ్వుకుంటూ విడిపోయాం. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తర్వాతి వారం దిండ్లావిడ దగ్గర దిండు. ఆ తర్వాత బుట్టలావిడ, స్టూళ్ళావిడ. సెలూను ఆయన భార్య దగ్గర కొనడానికి ఏమీ లేదు. అందుకని మీ అన్నయ్య తలని పంపిస్తున్నాను.

ఇవ్వగలిగినవాళ్ళు ఇస్తున్నారు, లేదనను. ఇవ్వలేనివాళ్ళ దగ్గరే కొన్నాను. అయితే ఇవ్వలేనివాళ్ళు వారం వారం పెరుగుతున్నారు. మొదట నా జీతం పోయింది. తర్వాత రేకుల డబ్బు పోయింది. మీ అన్నయ్య తిట్టలేదు. తిడితే బాగుండేది. రాత్రి బకెట్టు మారుస్తూ, "మనం దిండ్ల మీద పడుకుని, దిండ్లు కప్పుకుని, దిండ్లు తడవకుండా కాపలా కాస్తున్నాం" అన్నారు.

నా శాఖ తన కాళ్ళ మీద నిలబడలేదు. మీ అన్నయ్య జుట్టు మీద నిలబడింది. నీ పరువు నా చేతుల్లో ఇలా అయిందని తలుచుకుంటే అన్నం సయించడం లేదు. ఆ ఆడిటరు వస్తే ఈ సామానంతా ఎక్కడ దాచను?

నీ వదిన

&nbsp;

హెడ్డాఫీసు

శాఖా బాధ్యురాలు గారికి,

మీ ఉత్తరం అందింది. మీ శాఖలో నూరు శాతం వసూళ్ళు అంటూ నేను మూడు మీటింగుల్లో మాట్లాడాను. గోడకి ఒక చార్టు కూడా అంటించాను. అందులో మీ శాఖ గీత అన్నిటికంటే ఎత్తుగా ఉంది, ఆ గీత చీపురు పుల్ల అని ఇప్పుడు తెలిసింది. మీరు నాకు ఇన్ని నెలలు...

వదినా, "మీరు" అని రాస్తుంటే చెయ్యి తిరగడం లేదు. కోపం అలాగే ఉంది, మామూలుగానే రాస్తాను.

నిన్నంతా నీ మీద కోపంగా ఉన్నాను, రాత్రి నా మీద కోపం వచ్చింది. కట్టగలిగే వడ్డీ పెడితే చాలు అన్నీ సర్దుకుంటాయని నేను నమ్మాను. నూటికి ఒకటి అని రాసుకుని మురిసిపోయాను. అయితే వడ్డీ అన్నాక పూర్తిగా ఎవరో ఒకరు కట్టాల్సిందే వదినా. వాళ్ళ దగ్గర నూటికి ఒకటి తీసుకున్నాం, మిగతాది మీ వంటింటి కప్పు కట్టింది. అలాగని రెండు చేస్తే సగం మంది సైకిలు బెల్లు కిందికి వెళ్ళిపోతారు. ఈ రెంటికీ మధ్య నిజమైన లెక్క ఒకటి ఉండి తీరాలి. నీ దిండ్ల కింద అది కనబడకుండా పోయింది.

ఏదీ దాచకు. దాచడానికి చోటు లేదని నువ్వే రాశావు కదా. కత్తెర గారిని వెంటబెట్టుకుని నీ ఇళ్ళన్నీ తిప్పు. ఆయన ముందు ఒక్క వస్తువు కూడా కొనకు. నోరు తెరిచి వాయిదా అడుగు. ఏమవుతుందో అది కానీ. నా ఉద్యోగం గురించి బెంగపెట్టుకోకు. బెంగపెట్టుకున్నా దిండు మాత్రం కొనకు.

ఈసారి గడియారం పంపడం లేదు. కోపం తగ్గాక పంపుతాను.

మరదలు

&nbsp;

వరండా, పగటి వెలుతురులో

మరదలా,

వచ్చారు, చూశారు, వెళ్ళారు. అంతా వరసగా రాస్తాను, మధ్యలో కంగారుపడకు.

కత్తెర గారు పొడుగ్గా, సన్నగా, బోడితలతో, ఎవరి మీదా నమ్మకం లేని మొహంతో బస్సు దిగారు. ఇంట్లోకి తీసుకెళ్ళాను. కూర్చోడానికి కుర్చీ వెతికాను, కుర్చీల మీద బుట్టలున్నాయి. దిండ్ల మీద కూర్చోబెట్టాను. నిలబడి ఉన్నప్పుడు ఎంత ఎత్తున్నారో కూర్చున్నాకా అంతే ఎత్తున్నారు. నీకు రాసినదంతా ఆయనకి చెప్పాను.  చేతిసంచి తీసుకుని, "పదండి, అడగడం ఎలాగో నేను చూపిస్తాను" అన్నారు.

ముందు చీపుళ్ళక్క ఇల్లు. ఆయన గుమ్మంలో నిటారుగా నిలబడి గొంతు సవరించుకున్నారు. ఆవిడ స్టూలు తుడిచి వేసింది. ఎండన పడి వచ్చారంటూ విసనకర్ర తెచ్చి విసిరింది. పక్కింటికి చక్కెర కోసం పిల్లని పంపింది. ఆయన నోరు తెరిచారు, మూశారు. మళ్ళీ తెరిచి, చీపురు ఎన్నాళ్ళు మన్నుతుందని అడిగారు. రెండు కొన్నారు. నేను ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాను. బుట్టలావిడ దగ్గర బుట్ట కొన్నారు, చీపుళ్ళు పెట్టుకోడానికి అని నాతో అన్నారు. సెలూను దగ్గర కత్తిరించడానికి ఆయనకేమీ లేదు కాబట్టి ఉదయం చేసుకున్న గడ్డమే మళ్ళీ చేయించుకున్నారు.

నాలుగిళ్ళు తిరిగి, కల్వర్టు గోడ మీద కూర్చుని పర్సు తెరిచి చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. ఈ ఇళ్ళకి మనుషుల్ని పంపినన్నాళ్ళూ సంస్థ బాగుపడదు అన్నారు, ఎవరితో అన్నారో తెలియదు.

ఇక దిండ్లావిడ మిగిలింది. మరదలా, అక్కడ నేనే అడిగాను. నువ్వు రాసిన మాట గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని, "ఈ వారం నాకు దిండు వద్దు, వాయిదా డబ్బు ఇవ్వు" అనేశాను.  కళ్ళు తెరిస్తే ఆవిడ మెషీను మీద తల వాల్చేసి ఉంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"అమ్మయ్య. ఈ మాట కోసం ఎన్నాళ్ళుగా చూస్తున్నానో అమ్మా" అంది.

ఏం తేలిందో తెలుసా? ఆస్పత్రి వాళ్ళు పరుపుల కవర్లు కుట్టమని ఆవిడకి ఆర్డరు ఇస్తామన్నారట. మంచి డబ్బు. ఆవిడ కుదరదని చెప్పేసిందట, అమ్మగారికి ప్రతివారం దిండు కుట్టాలి కదా అని. నాకు దిండ్లంటే ప్రాణమనుకుంది. అప్పిచ్చిన మనిషి నోరారా అడిగితే కాదనడం ఎలా అని మొహమాటం. ధర పెంచితే నేనే మానేస్తానని ప్రతిసారీ కాస్త కాస్త పెంచుతూ వచ్చిందట. నేను బేరమాడకుండా కొంటూనే ఉన్నాను. సెలూను ఆయన కూడా అంతేనట. మీ అన్నయ్య తల మీద కత్తిరించడానికేం లేక, పంపేస్తే బాగుండదని, గాలిలో కత్తెర ఆడించి పంపిస్తున్నాడట.

నేను వాళ్ళని ఆదుకుంటున్నాననుకున్నాను, వాళ్ళు నన్ను భరిస్తున్నారు. ఆస్పత్రి ఆర్డరు మాట విన్నప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. నా మంచితనం ఆవిడ సంపాదనకి అడ్డం కూర్చుంది. ఆ బాధ ఇంకా పోలేదు.

ఇంటికొచ్చేసరికి ఇంకో వింత. మీ అన్నయ్య డిపోకి సెలవు పెట్టి, సామానంతా వరండాలో పరిచి, చవగ్గా అమ్మేస్తున్నారు. జనం మూగారు. ఆ మాట తెలిసి చీపుళ్ళక్క పరిగెత్తుకొచ్చింది, నా చీపుళ్ళు నాకంటే తక్కువకి అమ్ముతారా అని. మీ అన్నయ్యతో తగువు పెట్టుకుంది. ఆ తగువంతా అయ్యాక నన్ను చూసి కాస్త సర్దుకుని, కొంగుముడి విప్పి, "ఎలాగూ వచ్చాను కదా, ఈ వారం వాయిదా" అని చేతిలో పెట్టింది. నేను అడగలేదు. స్టూలు వెయ్యలేదు. టీ ఇవ్వలేదు.

కత్తెర గారు అప్పుడు జేబులోంచి పెన్ను తీశారు. "గుమ్మం ఎవరు ఎక్కితే మొహమాటం వాళ్ళది" అన్నారు. పొద్దుట్నుంచీ ఆయన మాట్లాడిన మాటల్లో నాకు బాగా అర్థమైంది ఇదొక్కటే. వాళ్ళింటికి నేను వెళితే మొహమాటం నాది. మా ఇంటికి వాళ్ళొస్తే వాళ్ళది.

తర్వాత ఏం రాసుకున్నారో చూపించలేదు. ఏడు గంటల బస్సెక్కారు, మూడో గడియారం ప్రకారం. నాకు భయంగానే ఉంది.

నీ వదిన

&nbsp;

హెడ్డాఫీసు, ఫ్యాను కింద (మార్చారు)

వదినా,

కత్తెర గారు ఆఫీసులోకి రెండు చీపుళ్ళు, ఒక బుట్ట, నున్నటి గడ్డంతో వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగే ధైర్యం లేదు. ఆయన నేరుగా చైర్మన్ గారి గదిలోకి వెళ్ళి బుట్ట బల్ల మీద పెట్టారు, నన్ను కూడా పిలిచారు.

ముందు నేనే మాట్లాడాను. నా చార్టు తప్పు, వదిన శాఖలో నూటికి ఒకటి సరిపోలేదు, లోటంతా ఆవిడ సొంత డబ్బుతో పూడ్చింది అన్నాను. చైర్మన్ గారు, "అయితే రెండు" అన్నారు. అప్పుడు కత్తెర గారు తన రిపోర్టు చదివారు. మనం రెండు అడుగుతున్నది అప్పుకి కాదు, మన నడకకి, వాళ్ళ టీకి, మన మొహమాటానికి అన్నారు. మన మనిషి ఇంటింటికీ తిరగడం మానేసి, వారానికో రోజు ఒక చోట కూర్చుని, వాళ్ళే వచ్చి కట్టేటట్టయితే, ఆ ఒక్క మనిషే ఇప్పటికి రెండింతల మందికి అప్పులు చూడగలదు. అప్పుడు నూటికి ఒకటిన్నర చాలు. అంతకంటే తక్కువైతే సంస్థ నిలబడదు, ఎక్కువైతే వాళ్ళు నిలబడరు. ఇది ఆయన లెక్క. చైర్మన్ గారు మళ్ళీ వేసి చూశారు, అంతే వచ్చింది.

కాబట్టి మీ శాఖకి తాళం పడదు. ఆరు నెలలు ఈ పద్ధతిలో నడిపి చూడమన్నారు. ఆ ఆరు నెలలూ సొంత డబ్బు పైసా కలపకూడదు, అది షరతు. ఒకటి ఒకటిన్నర అయిందని ఆడవాళ్ళకి చెప్పాల్సింది మాత్రం నువ్వే. సర్క్యులరు పంపిస్తామన్నారు, నేనే వద్దన్నాను. నీ నోటితో వింటేనే వాళ్ళు నమ్ముతారు.

చెప్పగలవా వదినా?

మరదలు

తా.క. కోపం తగ్గింది. చేతి గడియారం పంపుతున్నాను, అన్నయ్యకి.

&nbsp;

వరండా, స్టూళ్ళావిడ చేసిన స్టూలు మీద నుంచి

మరదలా,

చెప్పాను. అందరినీ వరండాలో కూర్చోబెట్టి, గుటకలు మింగకుండా చెప్పాను. ఇన్నాళ్ళూ లోటు ఎలా పూడిందో కూడా చెప్పాను. ఒకటిన్నర ఎందుకో, ఒకటి ఎందుకు కాదో చెప్పాను.  తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. చీపుళ్ళక్క ఒకటింపావు చెయ్యమని బేరమాడింది. చీపుళ్ళ ధర మూడుసార్లు పెంచింది ఎవరని మీ అన్నయ్య కిటికీలోంచి అడిగారు. ఆవిడ బేరం మానేసింది. బుట్టలావిడ మాత్రం తనకి ఈ నెల కష్టమేనని, ఒక వారం ఆగమని అడిగింది. ఆగుతానన్నాను. చూడు, కష్టమని నోరు తెరిచి చెప్పింది, నేను బుట్ట కొనలేదు. వారం తిరిగేసరికి తనే వచ్చి కట్టింది.

దిండ్లావిడ ఆస్పత్రికి మళ్ళీ వెళ్ళి ఆర్డరు తెచ్చుకుంది. మొన్న సైకిలు షావుకారు వీధి చివర బెల్లు కొట్టి చూశాడట. ఆవిడ లైటార్పలేదు. గుమ్మంలోకి వచ్చి, టైరులో గాలి తక్కువగా ఉందని చెప్పి లోపలికెళ్ళిందట.

మీ అన్నయ్య జుట్టు చెవుల దాకా వచ్చింది. చేతి గడియారం పెట్టుకుని తిరుగుతున్నారు. ఇప్పుడు ఆలస్యానికి సాకు లేకుండా పోయింది.

ఇక ఒక్క మాట. అడగడం వచ్చింది కదా అని ఇంట్లో కూడా మొదలుపెడుతున్నాను. నువ్వు పట్నం వెళ్ళినప్పుడు నీ గది అడ్వాన్సుకి మీ అన్నయ్య ఇచ్చిన డబ్బు తిరిగి కావాలి. ఇదివరకైతే ఈ వాక్యం రాయడానికి నాలుగు దిండ్లు కొనేదాన్ని. మాకు వంటింటి రేకులు వెయ్యాలి, వానాకాలం ఇంకా సగం ఉంది. ఒక్కసారి ఇవ్వలేకపోతే వాయిదాల్లో ఇవ్వు. కుదరకపోతే కుదరదని రాయి, నేనేమీ అనుకోను. ఏమీ రాయకుండా మాత్రం ఊరుకోకు.

నీ వదిన

&nbsp;

నా గది, మంచం మీద నుంచి

వదినా,

నీ ఉత్తరం చదివి దిండ్లావిడలాగే తల వాల్చేసి నవ్వాను.

ఆ డబ్బు ఎప్పుడో జమచేసి ఉంచాను. పంపాలంటే మొహం చెల్లలేదు. సొంత అన్నయ్యకి అప్పు తీర్చినట్టు మనియార్డరు చేస్తే మీ మనసు నొచ్చుకుంటుందేమో, నన్ను పరాయిదాన్ని చేశావా అంటారేమో అనిపించేది. పోనీ ఊరుకుందామంటే నిద్రపట్టేది కాదు. నిద్రపట్టని ప్రతిసారీ వెళ్ళి ఒక గడియారం కొన్నాను. మొత్తం ఖర్చు లెక్క వేశాను. నూటికి పది కంటే ఎక్కువే పడింది.

మనియార్డరు చేస్తున్నాను. అసలు అంతా ఒకేసారి. దానిమీద నూటికి ఒకటిన్నర చొప్పున వడ్డీ. వద్దనకు, మన సంస్థ నిలబడేది దాంతోనే, మన ఇల్లు కూడా. ముట్టినట్టు రసీదు పంపు.

మరదలు

&nbsp;

వంటింటి నుంచి

మరదలికి,

మనియార్డరు ముట్టింది. అసలు ఉంచుకున్నాను. వడ్డీ కూడా ఉంచుకున్నాను, తిప్పి పంపుదామా అని రెండు రోజులు కొట్టుకులాడాను కానీ మీ అన్నయ్య పంపనివ్వలేదు.

రేకులు వేయించాం. రాత్రి పెద్ద వాన కురిసింది. అలవాటు కొద్దీ లేచి బకెట్టు కోసం తడుముకున్నాను, బకెట్టు ఎండిపోయి ఉంది. అయిదు గడియారాలూ అయిదు టైములు చూపిస్తున్నాయి, ఎవరూ లేవలేదు. నేనూ మళ్ళీ పడుకున్నాను, ఒక్క దిండు వేసుకుని.

నువ్వొక్కసారి రా. వచ్చేటప్పుడు ఏమీ తేవద్దు. నిన్ను చూడాలనుంది, అడుగుతున్నాను.

నీ వదిన